బట్టీ పట్టించాలా, ప్రశ్నలు వేయాలా?

పిల్లలు లెగో రోబోలు కట్టి పోటీపడే 'ఫస్ట్ లెగో లీగ్'లో జడ్జింగుకు, అంటే జడ్జీల ముందు తమ పని వివరించడానికి, మా కూకట్‌పల్లి పిల్లలను రెండు రకాలుగా తయారు చేసి చూశాను. మొదటిది, రాసిచ్చిన ప్రసంగం బట్టీ పట్టించడం. ప్రాజెక్టు వివరించడానికి ఉండేది 5 నిమిషాలే కాబట్టి సమయం అదుపులో ఉంటుంది, బిడియస్తులకు ధైర్యం వస్తుంది. అంతవరకే.

రెండోది, ఎదురు ప్రశ్నలతో సాధన. "ఈ గేరు ఎందుకు మార్చారమ్మా?" అని పొరుగింటి తాతగారు అడిగితే, ప్రసంగం పొల్లుపోకుండా అప్పజెప్పిన పాప నీళ్లు నమిలింది. ఆ గేరు బిగించిన తొమ్మిదేళ్ల బాబు మాత్రం రోబోను తిరగేసి, పాత గేరుతో దాని చెయ్యి పైకి లేవక ఎలా మొరాయించేదో చూపించాడు. జడ్జీలు వెతికేది అదే: పని ఎవరు చేశారు, పొరపాటు నుంచి ఏమి నేర్చుకున్నారు?

నా ఓటు ప్రశ్నలకే. మొదటి రెండు వాక్యాలు మాత్రం బట్టీ పట్టించండి. గొంతు తడారిపోయేది అక్కడే.