హీటర్ ముంబైలో, కంట్రోలర్ ఘట్‌కేసర్‌లో: రిమోట్ ల్యాబ్ వాడి చూశాక

ఘట్‌కేసర్ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈఈఈ వాళ్లకు కంట్రోల్ సిస్టమ్స్ చెప్తాను. ఐఐటీ బాంబే వాళ్లు తయారుచేసిన సింగిల్ బోర్డ్ హీటర్ సిస్టమ్, అదే ఎస్‌బీహెచ్‌ఎస్, దాన్ని ఇంటర్నెట్ మీద కొన్ని బ్యాచ్‌లతో చేయించాను. కావలసిన విలువకీ ఉన్న విలువకీ మధ్య తేడాని, ఆ తేడా పోగైన మొత్తాన్ని (ఇంటిగ్రల్), అది మారే వేగాన్ని (డెరివేటివ్) చూసి కంట్రోల్ చేసే పద్ధతి పీఐడీ. అది పిల్లల బుర్రకెక్కాలంటే ఇంతకన్నా మంచి దారి నాకైతే కనబడలేదు.

వస్తువు చిన్నదే. ఒక స్టీల్ రేకు, దాన్ని వేడిచేసే నిక్రోమ్ కాయిల్, చల్లార్చే ఫ్యాన్, టెంపరేచర్ సెన్సర్, ఒక మైక్రోకంట్రోలర్. స్లాట్ బుక్ చేసుకుని సైలాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రన్ చేస్తే సెకనుకోసారి అక్కడి టెంపరేచర్ ఇక్కడికొస్తుంది, హీటర్‌కి ఎంత ఇవ్వాలో ఇక్కడి నుంచి వెళ్తుంది. అంటే లెక్కంతా పిల్లల ల్యాప్‌టాప్‌లోనే జరుగుతుంది.

మా ల్యాబ్‌లో టెంపరేచర్ కంట్రోల్ చేయించే ఓవెన్ కిట్ ఒక్కటే ఉంది. ఒక బ్యాచ్ వేడిచేస్తే అది చల్లారేలోపు పీరియడ్ అయిపోతుంది, వెనక నిలబడ్డవాళ్లు సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దించేస్తారు. రిమోట్ ల్యాబ్‌లో అయితే ఎవరి డేటా ఫైల్ వాళ్లదే, అక్కడి గది వేడి మారినా అంకెలు మారిపోతాయి.

ఒకమ్మాయి జీగ్లర్-నికోల్స్ సూత్రాలతో, 1942 నాటివి, గెయిన్లు, అంటే పీఐడీలో ఒక్కో భాగానికి ఎంత బలం ఇవ్వాలో చెప్పే అంకెలు, లెక్కగట్టి రన్ చేసింది. టెంపరేచర్ సెట్ పాయింట్ (మనం కావాలనుకున్న విలువ) దాటి పోతూనే ఉంది. ఫైల్ తెరిచి చూస్తే హీటర్ చాలాసేపటి నుంచి గరిష్ఠ పరిమితి దగ్గరే ఆగి ఉంది, సెట్ పాయింట్ అందేదాకా ఇంటిగ్రల్ మాత్రం పెరుగుతూనే పోయింది. "సార్, హీటర్ ఫుల్‌లో ఉన్నంతసేపూ ఇంటిగ్రేషన్ ఆపేస్తే?" అని తనే అడిగింది. ఇంటిగ్రల్ ఇలా అనవసరంగా పోగవకుండా ఆపే యాంటీ వైండప్ పాఠం ఇంకా నేను మొదలే పెట్టలేదు! ఆ రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. డెరివేటివ్ కలిపినప్పుడూ అంతే, సెన్సర్ నాయిస్‌కి హీటర్ విలువ ఎలా ఎగిరెగిరి పడుతుందో కళ్లారా చూశారు. సిమ్యులేషన్‌లో నాయిస్ మనం కలిపితేనే ఉంటుంది.

ఇబ్బంది ఎక్కువగా మా వైపు నెట్‌తోనే. కాలేజీ ఫైర్‌వాల్ కనెక్షన్‌ని ఆపేసేది, చివరికి పిల్లలు మొబైల్ హాట్‌స్పాట్లతో నెట్టుకొచ్చారు. నెట్ నెమ్మదించి ఒకటి రెండు శాంపిళ్లు పోయినా వేడి నిదానంగా మారుతుంది కాబట్టి పెద్ద తేడా పడదు. డీసీ మోటార్ స్పీడ్ కంట్రోల్ ఇలా చేద్దామనుకుంటే మాత్రం వద్దు, ఆ వేగానికి కంట్రోలర్ మోటార్ పక్కనే ఉండాలి, నెట్ మీద గెయిన్లు మార్చి గ్రాఫ్ చూసుకుంటే చాలు.

ఇది ఉంది కదా అని కిట్లు తీసేద్దామంటే నేను ఒప్పుకోను. వైర్లు కలపడం, ఫ్యూజ్ ఎందుకు పోయిందో వెతకడం ఇందులో రావు, సర్వో కిట్ ముందు నిలబడాల్సిందే. చెప్పేవాళ్లకి ఒక్క మాట: పీఐడీ చాప్టర్ అయ్యాక కాకుండా, మొదలుపెట్టే ముందే ఒక స్టెప్ టెస్ట్, అంటే హీటర్ విలువ ఒక్కసారిగా మార్చి టెంపరేచర్ ఎలా పోతుందో చూడటం, చేయించండి, సిస్టమ్ ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే టైమ్ కాన్‌స్టెంట్ ఎంతో ఆ గ్రాఫ్ నుంచే తీయమనండి.