బ్రాడీపేటలో గుండెపోటు లక్షణాల శిక్షణ తరగతి: మా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలోని ఒక కళ్యాణ మండపంలో గత నెల రెండో ఆదివారం జరిగిన గుండెపోటు లక్షణాల శిక్షణ తరగతికి మనిషికి 200 రూపాయలు కట్టి నేనూ మా తమ్ముడూ వెళ్లాము. నిర్వహించినది నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి. దాని లోపాలు కూడా ఇక్కడ చెప్పబోతున్నాను కనుక పేరు రాయడం లేదు. ఐసీయూలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన ఒక సిస్టర్ గారు రెండు గంటలు, ఆ తరువాత ఒక డ్యూటీ డాక్టర్ గారు అరగంట మాట్లాడారు. వచ్చినవాళ్లు దాదాపు నలభై మంది, ఎక్కువమంది యాభై దాటినవారే.

మేము వెళ్లడానికి కారణం మా అమ్మ. అమ్మకు అరవై నాలుగేళ్లు, పదిహేనేళ్లుగా షుగరు ఉంది. నిరుడు ఒక రాత్రి భోజనమైన గంటకు పొట్ట పైభాగంలో ఇబ్బందిగా ఉందని చెప్పి రెండుసార్లు వాంతి చేసుకుంది. పచ్చడి ఎక్కువ తిన్నదని మేమే తేల్చేశాము. వీధి చివర క్లినిక్‌లో చూసినాయన కూడా గ్యాస్ అనే చెప్పి ఒక ఇంజక్షన్ చేసి పంపించారు. తెల్లవారాక ఆయాసం పెరగడంతో కొత్తపేటలోని ఒక ఆసుపత్రికి తీసుకువెళితే, ఈసీజీ చూసిన వెంటనే గుండె కింది గోడకు పోటు వచ్చిందనీ, అప్పటికే చాలా గంటలు గడిచిపోయాయనీ చెప్పారు. అమ్మ బతికింది కానీ గుండె పంపింగ్ తగ్గిపోయింది, ఇప్పుడు మేడ మెట్లు ఎక్కలేదు. ఆ రాత్రి మాకు తెలియనిది ఏమిటో తెలుసుకోవాలన్న బాధతోనే ఈ తరగతికి పేరు ఇచ్చాను.

సిస్టర్ గారు తెర మీద బొమ్మలతో మొదలుపెట్టలేదు. అందరికీ చిన్న కాగితం ముక్కలు ఇచ్చి, ‘ఛాతీలో తేడాగా అనిపిస్తే ఇంట్లోవాళ్లకు ఏ మాటల్లో చెబుతారో అవే మాటలు రాయండి’ అన్నారు. ఆ కాగితాలు చదివిన ఇరవై నిమిషాలూ ఈ తరగతి మొత్తంలో నాకు అత్యంత విలువైనవి. రొమ్ము మీద రోలు పెట్టినట్టు, గుండెలు బిగబట్టినట్టు, గ్యాస్ ఎగదన్నినట్టు, దవడలు లాగినట్టు, చేతులు పీకినట్టు, వీపు మధ్య పట్టేసినట్టు, కాళ్లలో సత్తువ పోయినట్టు, ఏదో అయిపోతున్నట్టు అని రకరకాలుగా రాశారు. ‘నొప్పి’ అనే మాట రాసినవాళ్లు సగం మంది కూడా లేరు. ‘ఆసుపత్రిలో మేము అడిగే మొదటి ప్రశ్న నొప్పి ఉందా అని, మీరు లేదంటారు, అక్కడే ఇద్దరమూ దారి తప్పుతాము’ అని ఆమె అన్నప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది. ఆ రాత్రి మేము అమ్మను నాలుగైదుసార్లు ‘నొప్పా?’ అనే అడిగాము, అమ్మ ప్రతిసారీ కాదనే చెప్పింది. ఇంటికి వచ్చాక మళ్లీ అడిగితే, ‘అది నొప్పి కాదురా, బరువు’ అంది.

మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ఒక హమాలీ అన్న, బరువెత్తినప్పుడల్లా ఎడమ చెయ్యి గుంజుతుందనీ, దించి కాసేపు కూర్చుంటే తగ్గిపోతుందనీ రాశారు. సిస్టర్ గారు ఆ కాగితం దగ్గర చాలాసేపు ఆగారు. శ్రమ చేసినప్పుడు వచ్చి విశ్రాంతితో తగ్గేది, రక్తనాళం ఇరుకైందని గుండె ముందుగా చెప్పే కబురు కావచ్చుననీ, దానికి ఆ వారంలోనే డాక్టరును కలవాలనీ, అదే ఇబ్బంది కూర్చున్నా తగ్గకపోయినా, చిన్న పనికే రావడం మొదలైనా ఇక వారం కాదు, గంట కూడా ఆగకూడదనీ ఆయనకు అర్థమయ్యేదాకా చెప్పారు. ఆయన కూలి పోతుందని ఇన్నాళ్లూ చూపించుకోలేదట. ఆ ఒక్క సంభాషణకే మేమందరమూ కట్టిన రుసుము చెల్లిపోయిందని నేను నమ్ముతున్నాను.

ఇక అసలు విషయం చెప్పిన తీరు కూడా బాగుంది. గుండెకు రక్తం తీసుకువెళ్లే నాళంలో పేరుకున్న కొవ్వు పొర చిట్లి, దాని మీద గడ్డ కట్టి, దారి మూసుకుపోతే ఆ నాళం మీద ఆధారపడిన కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. గుండె నుంచి ఆ బాధను మోసుకువెళ్లే నరాలూ, చెయ్యి, మెడ, దవడ, వీపు నుంచి వచ్చే నరాలూ వెన్నుపాములో దగ్గర దగ్గరగా కలుస్తాయి కనుక మెదడు ఒకచోటి బాధను మరొకచోటిదిగా భావిస్తుంది. గుండె కింది భాగం ఉదరవితానం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర, మీద ఆని ఉంటుంది, అక్కడ పోటు వస్తే కడుపు ఉబ్బరంగా, వికారంగా ఉండి వాంతులు కావచ్చు. షుగరు చాలాకాలంగా ఉన్నవారిలో నరాలు దెబ్బతిని ఛాతీ బాధ తెలియకుండానే ఒట్టి ఆయాసంగానో నీరసంగానో బయటపడవచ్చు. అమ్మ విషయంలో ఈ రెండూ కలిశాయని అప్పుడు అర్థమైంది.

చెమట గురించి చెప్పినది మన ఊరివాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. గుంటూరు మే నెలలో చెమట పట్టని మనిషి ఉండరు కనుక ఎవరూ దానిని పట్టించుకోరు. అయితే ఫ్యాను కింద ఏ పనీ లేకుండా కూర్చున్నప్పుడు నుదురు, మెడ చల్లగా తడిసిపోయి ముఖం పాలిపోతే అది ఎండ చెమట కాదు. దానితో పాటు ఛాతీలోగానీ, దవడలోగానీ, పొట్ట పైభాగంలోగానీ ఏ తేడా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయాలన్నారు.

‘గ్యాసో గుండో ఇంట్లో ఎలా తేల్చుకోవాలి?’ అని మా తమ్ముడు అడిగాడు. ఇంట్లో తేల్చుకోలేమని ఆమె ఉన్నమాట చెప్పారు. వేలితో ఒకేచోట చూపించగలిగి, నొక్కితే పెరిగే నొప్పి గుండెది అయ్యే అవకాశం తక్కువ, పిడికిలి బిగించి ఛాతీ మధ్యలో పెట్టి చూపించేది అనుమానించవలసినది, కానీ ఈ రెంటినీ నమ్ముకుని ఇంట్లో కూర్చోకూడదు. ఆసుపత్రిలో అడుగుపెట్టిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలనీ, మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంతమాత్రాన ఇంటికి రాకూడదనీ, బాధ ఉంటే మళ్లీ తీయించుకోవాలనీ, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రొటీన్ పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి ఆ పరీక్ష కూడా రెండోసారి చేయవలసి రావచ్చుననీ డాక్టర్ గారు వివరించారు. మాకు ఆ రాత్రి ఈ ఒక్క మాట తెలిసి ఉంటే క్లినిక్‌లో ఈసీజీ కావాలని అడిగి ఉండేవాళ్లము.

అంబులెన్సు వచ్చేలోగా మనిషిని నడిపించకూడదు, బైకు మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకువెళ్లకూడదు. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం సమస్య ఉన్నవారు కాకపోతే, ఫోనులో వైద్య సిబ్బంది చెప్పినప్పుడు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించవచ్చు. మన దగ్గర చాలామంది జేబులో పెట్టుకు తిరిగే, రక్తనాళాలను వదులుచేసే సార్బిట్రేట్ మాత్రను డాక్టరు రాసివ్వకుండా నాలుక కింద పెట్టడం ప్రమాదమనీ, ముఖ్యంగా కింది గోడ పోటులో బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చుననీ చెప్పారు. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగిపోతుందన్న వాట్సాప్ సందేశం గురించి ముగ్గురు అడిగారు. దానిని నమ్మి సమయం పోగొట్టుకోవద్దన్నారు.

లోపాలు కూడా చెప్పాలి. సిస్టర్ గారి మాటలు తేట తెలుగులో ఉంటే, డాక్టర్ గారి స్లైడ్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, వెనుక వరుసల్లోని పెద్దవాళ్లు కాసేపటికి చూడటం మానేశారు. ఆడవాళ్లలో అలసట, ఆయాసం, వికారం ఎక్కువగా కనిపించవచ్చునన్న భాగాన్ని పది నిమిషాల్లో ముగించేశారు. వచ్చినవాళ్లలో సగానికిపైగా ఆడవాళ్లే, ఇంట్లో అందరి బాధనూ కనిపెట్టి తమ బాధను మాత్రం పని అలసటగా కొట్టిపారేసేవాళ్లే. ఆ భాగానికి కనీసం అరగంట ఇవ్వవలసింది. గుండె ఆగిపోయినప్పుడు ఛాతీ నొక్కే పద్ధతి, అంటే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతున నొక్కడం, సాధన చేయడానికి మనిషి ఆకారపు బొమ్మలు రెండే ఉండటంతో నా వంతు రాకుండానే సమయం అయిపోయింది.

అన్నిటికంటే నాకు నచ్చనిది, చివర్లో అందరి చేతిలో పెట్టిన ట్రెడ్‌మిల్ పరీక్ష (యంత్రం మీద నడిపిస్తూ గుండెను చూసే పరీక్ష) రాయితీ కూపను. ఆ పరీక్ష తప్పని నేను అనను. కానీ అందులో బాగుందని వచ్చినవారికి కూడా పోటు రావచ్చు, ఎందుకంటే చిట్లే కొవ్వు పొర ఎప్పుడూ నాళాన్ని బాగా ఇరుకుచేసినదే కానక్కరలేదు. ఆ మాట చెప్పకుండా కూపను ఇస్తే, పరీక్ష చేయించుకున్నాను కదా అన్న ధీమాతో రేపు చెమటలు పట్టినా ఇంట్లోనే కూర్చునే ప్రమాదం ఉంది. దాని బదులు, గడ్డను కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజక్షన్‌ను మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉందన్న సంగతిని కాగితం మీద వేసి పంచవలసింది. ఎవరో అడిగితే తప్ప ఆ విషయం బయటకు రాలేదు.

ఇవన్నీ అభిప్రాయ పత్రంలో రాసి ఇచ్చాను. తరువాతి తరగతి మిర్చి యార్డు దగ్గర పెట్టమనీ, హమాలీలకు రుసుము తీసుకోవద్దనీ కూడా రాశాను. సిస్టర్ గారు ఉంటారంటే తప్పక వెళ్లండి, ఇంట్లో షుగరు ఉన్న పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి, కాగితం ముక్క మీద వాళ్ల చేతనే రాయించండి. మా అమ్మను ఈసారి తీసుకువెళుతున్నాను. మండపం కింది అంతస్తులోనే ఉంది, మెట్లు ఎక్కవలసిన పని లేదు.