ఎఫ్ఎల్ స్టూడియోకి 5కి 5, నేను మాత్రం ట్యూన్లు కట్టడం ఆపేస్తున్నా

కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకి ముందే చెప్తున్నా, కళ్ళు మూసుకుని కొనొచ్చు. కంప్యూటర్‌లో పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఇది, బెల్జియంలోని ఇమేజ్-లైన్ కంపెనీ వాళ్ళది, ఫ్రూటీలూప్స్ పేరుతో మొదలైంది, ఒకసారి కొంటే అప్‌డేట్స్ జీవితాంతం ఫ్రీ. గొంతు రికార్డ్ చేసుకోవాలంటే మాత్రం ఫ్రూటీ ఎడిషన్ సరిపోదు, ప్రొడ్యూసర్ ఎడిషన్ తీసుకోండి. స్వరాలు గీసుకునే పియానో రోల్‌కి సాటి లేదు, మోహన రాగంలో గాంధారం నుంచి పంచమానికి వెళ్ళే జారు స్లైడ్ నోట్స్‌తో ఎంత బాగా పలుకుతుందో, కాకపోతే ఆ స్లైడ్ ఎఫ్ఎల్ సొంత ప్లగిన్లలోనే, అంటే దాని సొంత వాయిద్యాల్లోనే, పనిచేస్తుంది.

అయినా ఆపేస్తున్నా. షార్ట్ ఫిల్ముల వాళ్ళు ఓ రెఫరెన్స్ పాట పంపి అచ్చం ఇలాగే కావాలి కానీ కాపీ అనిపించకూడదు అంటారు, అలా చేసీ చేసీ నా ట్యూన్ ఏంటో నాకే తెలియకుండా పోయింది. ఒకప్పుడు పల్లవికి కార్డ్స్ (ట్యూన్ కింద కలిపి మోగే స్వరాలు) కుదిరితే ఆ సంతోషంలో నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు నాలుగు బార్ల మ్యూజిక్ ముక్క లూప్‌లో తిరుగుతుంటే మౌస్ మీద చెయ్యి పెట్టి అలా చూస్తూ కూర్చుంటున్నా. బస్సులో పాట వస్తున్నా కిక్ డ్రమ్‌కి కంప్రెషన్ ఎంత పెట్టారా అనే ధ్యాస, పాట వినట్లేదు. అది చాలా బాధేసింది.

ఒప్పుకున్న పనులు ఇచ్చేశా, ప్రాజెక్టులన్నీ జిప్ చేసి హార్డ్‌డిస్క్‌లో పెట్టా, మిడి కీబోర్డ్ అక్క కూతురికిచ్చా. లైసెన్స్ అకౌంట్‌లోనే ఉంటుంది, ఎప్పుడైనా మళ్ళీ దింపుకోవచ్చు.