చలనం లెక్కలకు సూత్రమా, గ్రాఫా: ఏది మేలు?

సమ త్వరణం (వేగం ఒకే రేటుతో మారడం) పాఠం మొదలైందంటే వేగం, కాలం, దూరాలను కలిపే మూడు సమీకరణాలు బట్టీ పట్టించడం మామూలైపోయింది. నన్నడిగితే ముందు నేర్పాల్సింది వేగం–కాలం గ్రాఫ్. సూత్రాలు ఆ తర్వాతే.

ఈ లెక్క చూడండి. ఆగి ఉన్న రైలు 10 సెకన్లలో సెకనుకు 20 మీటర్ల వేగం అందుకుంది. అదే వేగంతో 30 సెకన్లు నడిచి, తర్వాత 5 సెకన్లలో ఆగిపోయింది. ఎంత దూరం వెళ్లింది? సూత్రాలతో అయితే మూడు ముక్కలుగా చేయాలి. త్వరణం 2 అని కనుక్కుంటే మొదటి ముక్క 100 మీటర్లు, నడుమ 600, చివర రుణ త్వరణం (వేగం తగ్గే రేటు) 4 అని తేల్చుకుని 50. అక్కడ మైనస్ గుర్తు మరిచిపోతే జవాబు తప్పు. గ్రాఫ్ గీస్తే కనిపించేది ఒక ట్రెపీజియం: కింది భుజం 45, పై భుజం 30, ఎత్తు 20. దాని వైశాల్యం 750. అదే దూరం! గీత వాలు చూస్తే త్వరణం కూడా అక్కడే ఉంటుంది. 14వ శతాబ్దంలో ఫ్రెంచ్ పండితుడు నికోల్ ఒరెమ్ సమ త్వరణాన్ని వివరించింది ఇలాంటి బొమ్మతోనే. అప్పటికి గెలీలియో పుట్టనేలేదు.

దూరానికీ స్థానభ్రంశానికీ (మొదలైన చోటి నుంచి చివరికి ఎంత జరిగిందో దానికి) తేడా కూడా గ్రాఫ్‌లోనే స్పష్టంగా తెలుస్తుంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా విసిరిన బంతి, గురుత్వ త్వరణం 10 అనుకుంటే, 4 సెకన్లకు చేతికి తిరిగొస్తుంది. సూత్రంలో వేస్తే సున్నా వస్తుంది. చాలామంది పిల్లలు దాన్నే దూరం అని రాసేస్తారు. గ్రాఫ్‌లో మాత్రం అక్షానికి పైన ఒక త్రిభుజం, కింద ఒక త్రిభుజం ఉంటాయి, ఒక్కోటి 20. గుర్తులతో కలిపితే స్థానభ్రంశం సున్నా, గుర్తులు వదిలేసి కలిపితే దూరం 40 మీటర్లు.

కాలం ఇవ్వని లెక్కల్లో సూత్రానిదే పైచేయి, ఒప్పుకోవాలి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండికి బ్రేకు వేశారనుకోండి. ఆ వేగమంటే సెకనుకు 10 మీటర్లు. రుణ త్వరణం 5 అయితే, వేగం వర్గాన్ని త్వరణానికి రెట్టింపుతో భాగించగానే ఆగే దూరం 10 మీటర్లని తేలిపోతుంది. 72 కిలోమీటర్ల వేగానికి అది 40. వేగం రెండింతలైతే దూరం నాలుగింతలెందుకైందో పిల్లలు అడిగితే మళ్లీ త్రిభుజమే గీయాలి: భూమి, ఎత్తు రెండూ రెట్టింపయ్యాయి.

ఒక్క జాగ్రత్త. స్థానం–కాలం గ్రాఫ్‌లో వాలు అంటే వేగం, త్వరణం కాదు. నిలువు అక్షం మీద ఏముందో చూశాకే లెక్క మొదలుపెట్టాలి.

ఇక త్వరణం మారుతూ ఉంటే ఆ మూడు సమీకరణాలూ నేరుగా పనిచేయవు. గ్రాఫ్ అప్పుడూ పనికొస్తుంది. గీత ఎంత వంకరగా ఉన్నా, దాని కింది గళ్లు లెక్కపెట్టి దూరం సుమారుగా చెప్పొచ్చు.