ఎనిమిదేళ్లుగా ఊళ్లు తిరుగుతున్న మా మువ్వ: ట్రావెల్ బగ్ వాడాక నా మాట

2017 జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే ఖాజాగూడ గుట్టల్లో, రెండు బండల సందున దాచిన ప్లాస్టిక్ డబ్బాలో మా అమ్మాయి ఒక మువ్వ పెట్టింది. తన మొదటి కూచిపూడి గజ్జెల్లోంచి ఊడిన మువ్వ అది. అప్పటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. మువ్వకు గొలుసుతో ఒక లోహపు బిళ్ల తగిలించి ఉంది. ఆ బిళ్లనే ట్రావెల్ బగ్ అంటారు. ఈ సమీక్ష దాని గురించే. ఇన్నేళ్లు వాడాను కాబట్టి, వాడటమంటే ఇక్కడ ఎక్కువగా ఎదురుచూడటమే కాబట్టి, కొనాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

జియోకేషింగ్ తెలియనివాళ్లకు ముందు నాలుగు ముక్కలు. ఎవరో ఒకచోట డబ్బా దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు జియోకేషింగ్ వెబ్‌సైట్‌లో పెడతారు, అవి యాప్‌లో కనిపిస్తాయి. మనం ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తాం. దొరికితే లోపలున్న చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాసి డబ్బాను ఎక్కడిదక్కడే పెట్టేస్తాం. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్‌లో, చోటు సరిగ్గా తెలియకుండా కావాలని కలిపే తేడాను తీసేసింది. ఆ మర్నాడే ఆరెగాన్ రాష్ట్రంలో ఒకాయన బకెట్‌ను సగం పాతిపెట్టి, దాని చోటు అంకెలు నలుగురికీ చెప్పాడు. అదే మొదటిది. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి ముప్ఫై లక్షలకు పైగా ఉన్నాయి.

డబ్బా కదలదు. ట్రావెల్ బగ్ మాత్రం కదలడానికే పుట్టింది. ఒకరు ఒక డబ్బాలోంచి తీసుకుని, వెళ్లినచోట ఇంకో డబ్బాలో వేస్తారు. బిళ్ల మీద చెక్కిన ఆరు అక్షరాల, అంకెల కోడ్‌ను యాప్‌లో కొడితే అది ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో నమోదవుతుంది. ఎక్కడికి వెళ్లాలన్న కోరిక కూడా యజమానే రాసుకోవచ్చు. మా అమ్మాయి రాయించింది ఇది: "డ్యాన్స్ నేర్పే ఊళ్లు చూసి మళ్లీ హైదరాబాద్ రావాలి."

డల్లాస్‌లో ఉండే మా వదిన వస్తూ తెచ్చింది. ప్యాకెట్‌లో ఒకే కోడ్ ఉన్న బిళ్లలు రెండు ఉంటాయి. ఒకటి ప్రయాణానికి, ఇంకోటి మన దగ్గర ఉంచుకోవడానికి. మూలలు గుండ్రంగా తిరిగిన పల్చటి బిళ్ల, ఒక పక్క వీపున బార్‌కోడ్ ఉన్న పురుగు బొమ్మ, పక్కనే కోడ్. చెక్కడం బాగుంటుంది. నా దగ్గరున్న బిళ్ల ఎనిమిదేళ్లుగా తాళంచేతుల గుత్తిలో రాసుకుంటూనే ఉంది. బొమ్మ రంగు అక్కడక్కడా లేచిపోయింది గానీ కోడ్ ఇప్పటికీ కళ్లజోడు లేకుండా చదవగలను. బలహీనమైనది గొలుసు. పూసల గొలుసు కొక్కెం దగ్గర తెగిపోతుంది. మాది మొదటి ఏడాదిలోనే తెగింది.

ఇక అసలు సమస్య మన ఊళ్లో మొదలవుతుంది. మన దగ్గర డబ్బాలు తక్కువ, వెతికేవాళ్లు ఇంకా తక్కువ. ఉన్నవాటిలో చాలావరకు ఫిల్మ్ రీల్ డబ్బీ అంత చిన్నవి. వాటిలో చుట్టిన కాగితం తప్ప మువ్వ పట్టదు. బిళ్ల పట్టే డబ్బా కోసమే నెల రోజులు వెతికాం. బండల మధ్య ఫోన్ చూపించే చోటికీ నిజంగా ఉన్న చోటికీ ఐదారు మీటర్ల తేడా వస్తుంది, గుట్టల్లో ఐదారు మీటర్లంటే పది సందులు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 2007లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు చూసిన ఊరు మనది. జనం తిరిగేచోట ఎవరూ లేకుండా కనిపించిన డబ్బా మనవాళ్లకు ఆట వస్తువు కాదు, భయం. బస్టాండ్, గుడి, మెట్రో స్టేషన్ దగ్గర ఎవరైనా దాస్తామంటే వద్దనండి. జియోకేషింగ్ నియమాలు కూడా స్థలం యజమాని అనుమతి అడగమనే చెబుతాయి. పారదర్శకమైన మూతడబ్బా, పైన ఇది ఏమిటో తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసిన చీటీ ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. మేం మువ్వ పెట్టిన డబ్బా యజమాని ఆ పని చేశారు, అందుకే అక్కడ వదలడానికి మనసొప్పింది.

ఏడు నెలలు కదల్లేదు. వానాకాలం మధ్యలో ఒకసారి వెళ్లి చూస్తే డబ్బాలో నీళ్లు దిగి పుస్తకం ముద్దయింది, మువ్వ నల్లబడింది. చింతపండుతో తోమి మళ్లీ పెట్టి వచ్చాం. ఆ ఆగస్టులో, ఆఫీసు పని మీద హైటెక్ సిటీకి వారం రోజులకు వచ్చిన ఒక జర్మన్ ఇంజనీరు దాన్ని తీసుకున్నాడు. మెయిల్ వచ్చినప్పుడు మా అమ్మాయి స్కూల్ బస్సు దిగి వస్తోంది. మెట్ల మీదే చెప్పాను. "కదిలిందా అమ్మా!" అని బ్యాగుతోనే గెంతింది. మ్యూనిక్ దగ్గర ఒక డబ్బాలో పడేసరికి మ్యాప్‌లో ఖాజాగూడ నుంచి గీత దాదాపు 6,900 కిలోమీటర్లు సాగింది. డబ్బాకూ డబ్బాకూ మధ్య నేరుగా కొలిచే దూరం అది, విమానం తిరిగిన దారి కాదు.

అక్కడినుంచి అది ప్రాగ్ వెళ్లింది. తర్వాత కొండలెక్కే ఒక పెద్దాయన ఏడాదిపాటు తనతోనే తిప్పాడు. వెళ్లిన ప్రతి డబ్బా దగ్గర "విజిట్" అని నమోదు చేసేవాడు. తెగిన గొలుసు తీసేసి కీ రింగ్ వేసింది ఆయనే. ఫొటో పెట్టాడు: చుట్టూ గడ్డి, ఒక చెక్క బల్ల, దాని మీద మా మువ్వ. ఎవరో మన ఇంటి పిల్లను ఎండలో కూర్చోబెట్టి ఫొటో తీసినట్టు అనిపించింది.

ఫొటోలంటే గుర్తొచ్చింది. ఆ కోడ్ బయటపడకూడదు. ప్రాగ్‌లో ఒకరు పెట్టిన ఫొటోలో కోడ్ స్పష్టంగా కనిపించింది. వారం తిరక్కుండా, మువ్వను ఎన్నడూ చూడనివాళ్లు "చూశాం" అని నమోదు చేయడం మొదలెట్టారు. యజమానికి ఆ నమోదులు తీసేసే వీలుంది, ఒక్కొక్కటీ తీసేశాను. ఫొటో పెట్టినాయనకు రాస్తే వెంటనే కత్తిరించి మళ్లీ పెట్టాడు. వేలు అడ్డం పెట్టి ఫొటో తీయమని బగ్ పేజీలో ముందే రాసి ఉండాల్సింది, తర్వాత రాశాను.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. అప్పటికి చెక్ దేశంలో ఒక అడవి డబ్బాలో ఉంది. తర్వాతి ఏడాది ఆ డబ్బా యజమాని వెళ్లి చూసి, లోపల లేదని "మిస్సింగ్" పెట్టాడు. పేజీలో చోటు ఉండాల్సిన దగ్గర "తెలియదు" అని వచ్చింది. చాలా బగ్‌ల కథ ఇక్కడే ముగుస్తుంది. తీసుకున్నవాళ్లు మర్చిపోతారు, పిల్లలు బొమ్మనుకుని ఇంటికి తీసుకెళ్తారు, డబ్బాతో సహా పోతాయి. అదే ఏడాది ఫిబ్రవరి 18న పెర్సెవరెన్స్ రోవర్ కుజుడి మీద దిగింది. అందులోని షెర్లాక్ అనే పరికరాన్ని సరిచూసుకునే పలక మీద కూడా ఇలాంటి ట్రాకబుల్ కోడ్ ఒకటుంది. మా అమ్మాయి అది చూపించి, "కుజుడి మీదున్నది ఎక్కడుందో తెలుసు, మనది మాత్రం తెలీదు" అంది. నాకేం చెప్పాలో తోచలేదు. దగ్గరున్న రెండో బిళ్లకు ఇంకో మువ్వ కట్టి వదలొచ్చు, పోయినప్పుడు అలా చేసేవాళ్లున్నారు. తను ఒప్పుకోలేదు. అది పోలేదు, దారిలో ఉందంది.

2023 మే నెలలో మెయిల్. ఫిన్లాండ్‌లో టాంపెరె ఊరి నుంచి ఒకావిడ. చెక్ దేశం వెళ్లినప్పుడు తీసుకుని, బ్యాగు లోపలి జేబులో వేసి మర్చిపోయిందట. ఉతకడానికి ఆ బ్యాగు దులిపితే లోపల ఏదో గల్లుమందట. జేబు విప్పి చూస్తే మువ్వ. "గంట మోగకపోతే మెషీన్‌లో వేసేసేదాన్ని" అని రాసింది, క్షమించమని రెండుసార్లు అడిగింది. రెండేళ్లకు పైగా చీకట్లో ఉన్నా లోపలి గుండు ఊడలేదు.

అందుకే కొనేవాళ్లకు నేను చెప్పేది బిళ్ల గురించి కన్నా దానికి కట్టే వస్తువు గురించే. ఖరీదైనది వద్దు, ఎవరికైనా దాచుకోవాలనిపిస్తుంది. గుడ్డ బొమ్మ వద్దు, మన వానలకే బూజు పడుతుంది. అగ్గిపెట్టె కన్నా పెద్దది డబ్బాల్లో పట్టదు. చప్పుడు చేసేది దొరికితే ఇంకేం ఆలోచించకండి. పూసల గొలుసు ఇంట్లోనే తీసేసి స్టీలు కీ రింగ్ వేయండి. హైదరాబాద్‌లో డబ్బాలో వదిలి నెలలు చూసే బదులు, విదేశం వెళ్లే చుట్టాల చేతికివ్వండి, విమానాశ్రయాల దగ్గర బగ్‌ల కోసమే పెట్టే పెద్ద డబ్బాలు చాలా దేశాల్లో ఉంటాయి. డబ్బు కట్టే సభ్యత్వం అక్కర్లేదు, ఉచిత ఖాతాతోనే అన్నీ నడిచాయి. త్వరగా ఫలితం కావాలనుకునేవాళ్లకు మాత్రం ఇది సరిపడదు, రెండు కబుర్ల మధ్య ఏడాది గడవొచ్చు.

నన్నడిగితే ఐదుకు నాలుగున్నర. ఆ అర గొలుసుకు తగ్గించాను.

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది. గజ్జెల సైజు మూడుసార్లు మారింది. మువ్వ టాంపెరె దగ్గర ఒక సరస్సు ఒడ్డున, చెట్టు మొదట్లో ఉన్న డబ్బాలో ఉంది. చలికాలమంతా ఆ దారి మంచు కింద ఉంటుందని, ఏప్రిల్ దాకా ఎవరూ రారని ఆవిడ రాసింది.