అధ్యాపక సంఘంలో పని ఎవరి చేతిలో ఉంటే మేలు: కార్యవర్గమా, స్టాండింగ్ (శాశ్వత) కమిటీలా, తాత్కాలిక కమిటీలా?

కొత్త కార్యవర్గం కూర్చున్న మొదటి నెలలోనే ఈ పేచీ మొదలవుతుంది. "ఇన్ని కమిటీలెందుకు? వాటిలో సగం కమిటీలు ఏడాదికోసారి కూడా కూర్చోవు. అన్నీ ఎత్తేసి పని మనమే చూసుకుందాం" అని ఒకరంటారు. "అంతా మీ అయిదుగురే చూసుకుంటే మేం చందా ఎందుకు కడుతున్నట్టు?" అని ఇంకొకరు. మూడో మనిషి మాత్రం "అవసరం వచ్చినప్పుడు కమిటీ వేద్దాం, పని అయ్యాక రద్దు చేద్దాం" అని మధ్యస్థం చెబుతారు. నేను ఈ మూడు పద్ధతుల్లోనూ పనిచేశాను. ఒక కమిటీకి కన్వీనర్‌గా చేశాను, ఇంకోదాంట్లో ఊరికే హాజరుపట్టీలో సంతకం పెట్టిన రోజులూ ఉన్నాయి. ఏ పనికి ఏ పద్ధతి సరిపోతుందో, ఏది ఎక్కడ చతికిలబడుతుందో ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

కార్యవర్గమే అన్నీ చూసుకుంటే కలిసొచ్చేది వేగం. పొద్దున యాజమాన్యం ఒక సర్క్యులర్ తెస్తే సాయంత్రానికి సంఘం ప్రకటన బయటికొస్తుంది. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు మాట ఒకటే ఉంటుంది. సమ్మె నోటీసు, జీతాల ఆలస్యం, రాత్రికి రాత్రి వచ్చిన సస్పెన్షన్ లాంటి వాటికి కమిటీ కూర్చునేదాకా ఆగితే పుణ్యకాలం గడిచిపోతుంది. అక్కడ కార్యవర్గమే ముందుకు రావాలి, సందేహం లేదు.

కానీ రోజువారీ పని కూడా వాళ్ల నెత్తినే పెడితే ఫోన్ చేసినవాళ్ల పనే ముందవుతుంది. సెక్రటరీకి తెలిసినవాళ్లు, గట్టిగా అరవగలిగినవాళ్లు గట్టెక్కుతారు. కాంట్రాక్టు మీద రెండు క్లాసులు చెప్పుకుని వెళ్లిపోయే మనిషికి సెక్రటరీ నంబరు కూడా తెలియదు. ఇంకో చిక్కు ఉంది. రెండేళ్లు గడిచేసరికి సంఘం చరిత్రంతా ఒక్క మనిషి ఫోన్‌లో చేరుతుంది. ఆయన దిగిపోయిన రోజున చరిత్ర కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది.

స్టాండింగ్ కమిటీల బలం సరిగ్గా అక్కడే ఉంది. గ్రీవెన్స్ కమిటీనే తీసుకుందాం. బయటివాళ్లకి అది ఫిర్యాదులు వినే చోటులా కనిపిస్తుంది. నిజానికి అక్కడ సగం పని రోజులు లెక్కపెట్టడమే. సంఘానికీ యాజమాన్యానికీ మధ్య కుదిరే ఒప్పందాల్లో సాధారణంగా ఒక గడువు ఉంటుంది: నష్టం జరిగినట్టు తెలిసిన నాటి నుంచి ఇన్ని రోజుల్లోపు రాతపూర్వకంగా గ్రీవెన్స్ వేయాలి, మొదటి మెట్టులో జవాబు రాకపోతే ఇన్ని రోజుల్లో పై మెట్టుకి వెళ్లాలి, చివరికి ఆర్బిట్రేషన్, అంటే బయటి మధ్యవర్తి తీర్పు. గడువు దాటితే ఎంత న్యాయమైన కేసైనా తలుపు దగ్గరే ఆగిపోతుంది.

ఒకసారి ఒక సహోద్యోగి ప్రమోషన్ తిరస్కరించిన ఉత్తరం పట్టుకొచ్చింది. దాని మీద ఒక తేదీ ఉంది. అది ఈమెయిల్‌లో వచ్చిన తేదీ వేరు. ఆవిడ సెలవులో ఉండి, తిరిగొచ్చాక తెరిచి చదివిన తేదీ ఇంకోటి. ఉత్తరం మీది తేదీ నుంచి లెక్కపెడితే గడువు దాటి రెండు రోజులైంది. అప్పుడు మా పాత కన్వీనర్ వదిలివెళ్లిన నీలం అట్ట నోటుపుస్తకం తీశాం. మూడేళ్ల కిందటి ఒక కేసు పక్కన ఆయన చేతిరాతతో ఒక్క లైను ఉంది: అందిన తేదీనే లెక్క అని యాజమాన్యం ఒప్పుకుంది, ఉత్తరం ఫైల్లో ఉంది. ఫైలు వెతికాం, ఉత్తరం దొరికింది. కేసు నిలబడింది. ఆవిడకి ప్రమోషన్ వచ్చిందా అనేది పెద్ద కథ, కానీ వాదించే హక్కయితే మిగిలింది.

దీనికి సరిగ్గా ఎదురు అనుభవం అంతకుముందే జరిగింది. అప్పట్లో మాకు గ్రీవెన్స్ కమిటీ లేదు, కేసు వచ్చినప్పుడల్లా ముగ్గురితో కమిటీ వేసేవాళ్లం. ఒక వర్క్‌లోడ్ కేసులో ఆ ముగ్గురూ ఎవరనేది తేలడానికే తొమ్మిది రోజులు పట్టింది. ఒకరు తనకు తీరిక లేదన్నారు, ఇంకొకరు ఆ డిపార్ట్‌మెంట్ హెడ్‌కి స్నేహితులు. కమిటీ మొదటిసారి కూర్చునే నాటికి గడువు అయిపోయింది. ఆ మనిషి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. మరుసటి నెల నుంచి చందా కట్టడం మానేశాడు.

గ్రీవెన్స్‌లో ఇంకో మెలిక ఉంది, సంఘంలో పనిచేయనివాళ్లకి ఇది తట్టదు. చాలాసార్లు రెండు పక్షాలూ మన సభ్యులే. చాలాచోట్ల డిపార్ట్‌మెంట్ హెడ్ కూడా సంఘంలో సభ్యుడే. తన క్లాసుల కేటాయింపు మీద జూనియర్ ఫిర్యాదు చేస్తే, హెడ్ కూడా వచ్చి "నాకూ సాయం కావాలి" అంటాడు. అధ్యక్షుడు ఒకే పూట ఇద్దరి పక్కనా కూర్చోలేడు. నలుగురైదుగురు శిక్షణ పొందినవాళ్లున్న కమిటీ అయితే ఒకరికి ఒకరిని, ఇంకొకరికి ఇంకొకరిని ఇచ్చి మధ్యలో గోడ కట్టొచ్చు. కార్యవర్గమే అంతా చూసుకునే పద్ధతి నా లెక్కలో ఓడిపోయేది ఇక్కడే.

అలాగని స్టాండింగ్ కమిటీలన్నీ ఇంత ముచ్చటగా ఉంటాయనుకోవద్దు. పబ్లిసిటీ కమిటీ, సంక్షేమ కమిటీ, సాంస్కృతిక కమిటీ అని బోర్డు మీద పదకొండు పేర్లు రాసి ఉంటాయి. అందులో ఊపిరి ఉన్నవి మూడు. మిగతావాటి మినిట్స్ చూస్తే "గత సమావేశపు మినిట్స్ ఆమోదించబడినవి, తదుపరి సమావేశం తేదీ నిర్ణయించబడును" అని రెండు లైన్లుంటాయి. కోరమ్ (సమావేశం చెల్లడానికి కావాల్సిన కనీస సంఖ్య) కోసం కారిడార్‌లో నడిచిపోతున్న మనిషిని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చిన సంఘటన నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ మనిషిని నేనే. అలాంటి కమిటీ వల్ల పని జరగకపోవడం ఒక నష్టం. ఆ పని ఎవరో చేస్తున్నారని అందరూ నమ్మేయడం అంతకంటే పెద్ద నష్టం.

తాత్కాలిక కమిటీకి ఆ జబ్బు రాదు. దానికి ఒక ప్రశ్న, ఒక ముగింపు తేదీ ఉంటాయి. గెస్ట్ ఫ్యాకల్టీ గంటల చెల్లింపు ఎలా లెక్కించాలి, కొత్త హాజరు విధానం మీద మన వైఖరి ఏమిటి, సంఘం నియమావళిలో ఏం మార్చాలి, ఇలాంటివి దాని చేతిలోనే బాగుంటాయి. జనం కూడా ఇష్టంగా వస్తారు. "మూడు నెలలే" అంటే ఒప్పుకునే మనిషి "మూడేళ్లు" అంటే తప్పించుకుంటాడు.

జీతాలు, పని షరతుల మీద ఒప్పందం కుదుర్చుకునే బేరసారాల బృందం కూడా స్వభావరీత్యా తాత్కాలికమే. సర్వే చేసి డిమాండ్లు పోగేయడం, ఒక్కో డిమాండుకి ఖర్చెంతవుతుందో లెక్కకట్టడం, యాజమాన్యం ముందు కూర్చోవడం, మధ్యలో పక్క గదిలోకి వెళ్లి తమలో తాము తేల్చుకోవడం, చివరికి సభ్యుల ఓటుకి పెట్టడం. సంతకాలయ్యాయి, బృందం రద్దు. అందరూ అలసిపోయి ఉంటారు, ఎవరి క్లాసులకి వాళ్లు వెళ్లిపోతారు.

ముప్పు కూడా అక్కడే పొంచి ఉంది. ఒప్పందంలో ఒక వాక్యానికి రెండు అర్థాలొస్తే ఆర్బిట్రేటర్ అడిగేది ఒకటే: బేరసారాలప్పుడు మీరిద్దరూ దీన్ని ఏ అర్థంలో రాసుకున్నారు? దానికి జవాబు రద్దయిపోయిన బృందంలో ఎవరి నోట్స్‌లోనో ఉంటుంది. మనవాళ్ల నోట్స్ ఇంటి అటక మీదికి చేరతాయి. అవతలివాళ్ల నోట్స్ వాళ్ల లాయర్ దగ్గర తేదీల వారీగా, నీట్‌గా ఉంటాయి. అందుకే గ్రీవెన్స్ కమిటీ నుంచి ఒకరు బేరసారాల గదిలో నోట్స్ రాసుకుంటూ కూర్చోవాలంటాను. ఏ నిబంధన మీద ఏటా ఎన్ని కేసులొస్తున్నాయో, ఏ పదం దగ్గర ఓడిపోతున్నామో తెలిసింది ఆ మనిషికే. అయితే గ్రీవెన్స్ కన్వీనర్‌నే ప్రధాన సంప్రదింపుదారుగా పెట్టడం నాకు నచ్చదు. ఏడాది పొడుగునా యాజమాన్యం వైపు అదే అధికారితో సర్దుబాటు చేసుకుంటూ కేసులు తేల్చే మనిషి, బల్ల గుద్దాల్సిన రోజున మొహమాటపడతాడు. లేదా బల్ల గుద్ది, మర్నాటి నుంచి కేసుల్లో ఇబ్బంది పడతాడు.

చరిత్ర చూస్తే తాత్కాలిక కమిటీకీ శాశ్వత కమిటీకీ మధ్య గీత అనుకున్నంత గట్టిది కాదు. 1915లో అమెరికాలో యూనివర్సిటీ ప్రొఫెసర్ల సంఘం ఏర్పడింది. జాన్ డ్యూయీ దానికి మొదటి అధ్యక్షుడు, ఆర్థర్ లవ్‌జాయ్ స్థాపకుల్లో ఒకరు. అకడమిక్ స్వేచ్ఛ మీద సూత్రాలు రాసిపెట్టమని ఎడ్విన్ సెలిగ్మన్ ఆధ్వర్యంలో ఒక కమిటీ వేశారు. సూత్రాలు పూర్తికాకముందే కేసులొచ్చి పడ్డాయి. యూటా యూనివర్సిటీలో అధ్యాపకుల్ని తీసేశారని తెలిసి లవ్‌జాయ్ తనే అక్కడికి వెళ్లి విచారించాడు. తర్వాత ఆ పని శాశ్వతమై 'కమిటీ ఏ' అనే పేరుతో నేటికీ నడుస్తోంది.

కెనడాలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1958లో విన్నిపెగ్‌లోని యునైటెడ్ కాలేజ్ హ్యారీ క్రో అనే చరిత్ర అధ్యాపకుణ్ని తీసేసింది. ఆయన ఒక సహోద్యోగికి రాసుకున్న సొంత ఉత్తరం ఎలాగో ప్రిన్సిపాల్ చేతికి చేరడం దానికి మూలం. అక్కడి జాతీయ అధ్యాపక సంఘం పుట్టి అప్పటికి ఏడేళ్లే. ఇలాంటివి చూడటానికి ఏర్పాటేదీ లేక విచారణకి ఒక కమిటీ వేసింది. నివేదిక ఇచ్చినవాళ్లు ఇద్దరు, వెర్నన్ ఫౌక్, బోరా లాస్కిన్. ఆ లాస్కినే తర్వాత కెనడా ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. క్రోకి అన్యాయం జరిగిందని వాళ్లు తేల్చారు. ఆ గొడవ తర్వాతే అకడమిక్ స్వేచ్ఛకి ఆ సంఘం స్టాండింగ్ కమిటీ పెట్టుకుంది. అంటే ఒకే రకం పని మళ్లీ మళ్లీ వస్తోందని తేలాక దాన్ని శాశ్వతం చేశారు. మనం చాలాసార్లు తలకిందులుగా చేస్తాం. ముందు కమిటీ పెట్టి, తర్వాత దానికి పని వెతుకుతాం.

సభ్యుల్ని ఎన్నుకోవాలా, నియమించాలా అన్నది ఇంకో తగాదా. బేరసారాల బృందాన్ని ఎన్నుకోవడమే మేలు, ఎందుకంటే అది అందరి తరఫున మాటిస్తుంది. కాంట్రాక్టు అధ్యాపకులకి అందులో సీట్లు రిజర్వు చేయాలి. లేకపోతే ఆఖరి రాత్రి బేరంలో మొదట వదిలేసేది వాళ్ల డిమాండునే. గ్రీవెన్స్‌కి మాత్రం నియామకమే నయం. అక్కడ కావాల్సింది పాపులారిటీ కాదు, నోరు మెదపకుండా ఫైలు చదవగల ఓపిక. ఎన్నికల కమిటీలో పోటీచేసేవాళ్లు, ఆడిట్ కమిటీలో ట్రెజరర్ ఉండకూడదన్నది ఇంగితజ్ఞానం, దాని మీద చర్చ అక్కర్లేదు.

"యూనివర్సిటీ వేసే కమిటీల్లో అధ్యాపకులు ఎలాగూ ఉన్నారు కదా, మళ్లీ సంఘం కమిటీలెందుకు?" అనేవాళ్లూ ఉంటారు. ఆ కమిటీ సిఫార్సు చేస్తుంది, ఒప్పందం కుదుర్చుకోదు. పైగా అందులో ఉండటమే మనకి అడ్డం తిరగొచ్చు. 1980లో అమెరికా సుప్రీంకోర్టు యషీవా యూనివర్సిటీ కేసులో 5-4 తేడాతో తీర్పిచ్చింది. సిలబస్, అడ్మిషన్లు, నియామకాల్లో అక్కడి అధ్యాపకుల మాటే చెల్లుతోంది కాబట్టి వాళ్లు మేనేజ్‌మెంట్ కిందే లెక్క, అక్కడి కార్మిక చట్టం కింద బేరమాడే రక్షణ వాళ్లకి లేదని. యూనివర్సిటీ నిర్ణయాల్లో తమ మాట చెల్లించుకున్న పాపానికి బేరసారాల బల్ల దూరమైంది.

ఇక నా తూకం. అత్యవసరమైనవి, రాజకీయంగా నిర్ణయించాల్సినవి కార్యవర్గానికి. గడువులు, గోప్యత, పాత కేసుల జ్ఞాపకం కావాల్సిన గ్రీవెన్స్‌కి, సభ్యత్వానికి, ఆడిట్‌కి స్టాండింగ్ కమిటీలు. వాటిలో పదవీకాలం మూడేళ్లు, ఏటా మూడో వంతు మారాలి, అప్పుడే పాతవాళ్లు కొత్తవాళ్లకి పని నేర్పుతారు. మిగతావన్నీ తాత్కాలికం, ఏ పనికి వేశామో ఒక పేజీలో రాసి, ముగింపు తేదీతో. వరసగా రెండుసార్లు సమావేశం జరపని స్టాండింగ్ కమిటీని జనరల్ బాడీ రద్దు చేసేయొచ్చు, దానికి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

అరవై మంది సభ్యులున్న చిన్న సంఘానికి ఇదంతా బరువే. అక్కడ గ్రీవెన్స్‌కి ఒక మనిషి, ఆ మనిషి పక్కన కూర్చుని నేర్చుకునే ఇంకొకరు చాలు. నోటుపుస్తకం, ఈమెయిల్ పాస్‌వర్డ్ ఎక్కడున్నాయో ఇద్దరికీ తెలిసి ఉండాలి.