పెళ్లి సర్టిఫికెట్, విడాకుల డిక్రీ: ఆన్‌లైన్ ప్రింటా, ఆఫీసు నకలా?

పెళ్లి సర్టిఫికెట్ కనిపించకపోయినా, విడాకుల కాగితాలు అడిగినా ముందు ఫోన్‌లోనే వెతుకుతాం. తప్పేం లేదు. కాకపోతే ఫోన్‌లో దొరికేది వేరు, వీసా వాళ్లు ఒప్పుకునేది వేరు.

పెళ్లి సంగతి కాస్త తేలిక. రిజిస్టర్ అయి ఉంటే వివరాలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటాయి. దరఖాస్తు పెట్టి ఫీజు కడితే ధ్రువీకరించిన నకలు ఇవ్వాలని 1955 హిందూ వివాహ చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకున్నవాళ్లకూ ఈ హక్కు ఉంది. రికార్డు కంప్యూటర్‌కి ఎక్కి ఉంటే ఆన్‌లైన్ మేలు. పాత పెళ్లయితే నేరుగా ఆఫీసుకే వెళ్లండి. రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం చేతిలో ఉంటే సగం పని అయినట్టే. గుడి రసీదు, శుభలేఖ రిజిస్టర్ చేయించుకోవడానికి ఆధారాలే తప్ప సర్టిఫికెట్‌కి బదులు కావు.

అసలు టెన్షన్ విడాకుల దగ్గరే. చాలామంది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొస్తారు. కోర్టు ద్వారా వచ్చిన విడాకులకు డిక్రీయే, అంటే విడాకులు ఇస్తూ కోర్టు రాసిచ్చే ఉత్తర్వే, రుజువు, అది ఇచ్చిన కోర్టులోనే దొరుకుతుంది. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్ కేసు నంబరు, తీర్పు తేదీ తెలుసుకోవడానికి బాగా పనికొస్తుంది. అక్కడి ప్రింట్ మాత్రం సర్టిఫైడ్ కాపీ కాదు. కోర్టు ఇచ్చే నకలు మీద సీలు, సంతకంతో పాటు ఎప్పుడు దరఖాస్తు చేశారు, ఎప్పుడు సిద్ధమైంది, ఎప్పుడు ఇచ్చారు అన్న తేదీలుంటాయి. దాని విలువంతా అక్కడే.

ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పరు: హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, విడాకులు మంజూరు చేసిన కోర్టు భార్యాభర్తలిద్దరికీ చెరొక డిక్రీ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

ఏజెంట్‌కి అప్పజెప్పడం నాకు అస్సలు నచ్చదు. ఇవి మన ఇంటి గుట్టు ఉన్న కాగితాలు. విదేశాల్లో ఉండి రాలేనివాళ్లు కేసు చూసిన వకీలు ద్వారానే కాపీ అప్లికేషన్ వేయించుకోవడం మంచిది.

నకలు చేతికి రాగానే పేర్లు పాస్‌పోర్టుతో సరిపోయాయా అని అక్కడే చూసుకోండి. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం ఉంటే చాలు, ఫైలు వెనక్కి రావచ్చు.